బస్సు గొంతు తగ్గించిన చాచా

చాచా చనిపోయాడన్న కబురు నాకు చండ్రుగొండలో బస్సు ఆగి ఉన్నప్పుడు తెలిసింది. ఫోన్ చేసింది నాతో ఏళ్ల తరబడి ఒకే బస్సు మీద పనిచేసిన డ్రైవరన్న. ఆ రోజు ఆయనకు సెలవు. "చెల్లె, చాచా పోయిండు. పొద్దున నమాజుకు లేచి వజూకు కాళ్లు చేతులు కడుక్కుంట కూలబడ్డడంట. దవాఖానాకు తీస్కపోయేలోపే అయిపోయింది," అన్నాడు. నా ముందు ఒక ముసలమ్మ కొత్తగూడెం టికెట్ కోసం చెయ్యి చాపి నిలబడి ఉంది. టికెట్ కొట్టి ఆమె చేతిలో పెట్టాను. చిల్లర కూడా సరిగ్గానే ఇచ్చాననుకుంటాను, ఆమె మళ్లీ అడగలేదు.

మధ్యాహ్నం నమాజు అవగానే మట్టి ఇస్తారన్నారు. నా డ్యూటీ దిగేసరికి సాయంత్రమవుతుంది. మధ్యలో దిగిపోవడానికి నాది ప్రయాణికుల సీటు కాదు. అయినా ఆడవాళ్లం ఖబరస్తాన్ దాకా వెళ్లేది లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాటతో మనసేమీ కుదుటపడలేదు.

చాచా మా డిపోలో ఇంజన్ మెకానిక్. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. డిపోలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు కూడా లేరు. మేనేజర్లు మారారు, వచ్చినవాళ్లందరికీ ఆయన చాచానే. సొంతూరు ఇల్లందు. తాతలు అక్కడ జట్కాబండ్ల చక్రాలకు ఇనుప పట్టీలు వేసినవాళ్లట. సన్నటి మనిషి, తెల్ల గడ్డం. పని మొదలుపెట్టే ముందు చొక్కా చేతులు మోచేతి దాకా మడిచేవాడు, మడతలు రెండు వైపులా సమానంగా వచ్చేదాకా ఊరుకునేవాడు కాదు. మరీ మెల్లగా మాట్లాడేవాడు. డిపో అంటే అందరూ కేకలేసుకునే చోటు. ఆయన మాత్రం చెప్పాల్సిన మాట ఉంటే మనిషి దగ్గరికి నడిచి వచ్చి చెప్పేవాడు, చెప్పి వెళ్లిపోయేవాడు. కొందరు పొగరన్నారు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

మీలో పాత బస్సులెక్కినవాళ్లుంటే గుర్తుండే ఉంటుంది. మా బస్సులో ఇంజన్ డ్రైవరు పక్కనే, లోపలే ఉండేది. దాని మీద ఒక ఇనుప మూత. ఆ మూత మీద మూటలు, కోళ్ల గంపలు, సీటు దొరక్కపోతే మనుషులు కూడా. బండి కదిలిందంటే పక్క సీటులో ఉన్నవాడికి ఒక మాట చెప్పాలన్నా అరవాల్సిందే. పైగా నాది భద్రాచలం వైపు అడవి దారి డ్యూటీ. ఎక్కేవాళ్లలో చాలామంది గూడేల నుంచి సంతకు, ఆఫీసులకు పోయే పెద్దవాళ్లు. స్టాపు పేరు గట్టిగా చెప్పకపోతే దాటిపోతారు. దాటిపోతే ఆ అడవిలో బరువులు మోసుకుంటూ వెనక్కి నడవాలి. అందుకని ప్రతి స్టాపుకూ అరిచేదాన్ని. పొద్దున ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా అరవడమే నా ఉద్యోగం.

ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది కూడా నేనే. అమ్మ ఉన్నంతకాలం ముందు వరసలో కూర్చుని, నేను పైస్థాయికి వెళ్లినప్పుడల్లా పక్కవాళ్ల వైపు ఒకసారి చూసేది. అమ్మ పోయాక కిరాయి ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. ఆ తర్వాతి సంవత్సరమే గొంతు బొంగురుపోవడం మొదలైంది. జలుబు అనుకున్నాను, మిరియాల పాలు తాగాను. ఒక ఆదివారం పాట ఎత్తుకుంటే గాలి తప్ప ఏమీ రాలేదు. అందరూ నా వైపు చూశారు. వెనక నుంచి ఎవరో పాట అందుకున్నారు.

కొత్తగూడెంలో గొంతు డాక్టరు లోపలికి చూసి, చిన్న చిన్న కాయల్లాంటివి లేచాయన్నాడు. అరవడం మానితే తగ్గుతాయి, మానకపోతే గొంతు పోతుంది, పోతే తిరిగి రాదు అన్నాడు. "ఏం పని చేస్తావమ్మా?" అని అడిగాడు. కండక్టర్ని అని చెప్పాను. ఆయన మందుల చీటీ రాసిచ్చాడు. డిపోలో వేరే పని అడిగితే ఇప్పుడు ఖాళీ లేదన్నారు. ఉద్యోగం ఉంచుకుంటే గొంతు పోతుంది. గొంతు పోయాక ఉద్యోగమూ ఉండదు. నాకు వేరే దిక్కు లేదు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

డిపో నల్లా దగ్గర ఉప్పునీళ్లు పుక్కిలిస్తుంటే చాచా వచ్చి పక్కన నిలబడ్డాడు. అంతకు ముందు మేమిద్దరం మాట్లాడుకున్నది లేదు.

"ఏంది బిడ్డా, గొంతు గట్లయింది?"

చెప్పాను. డాక్టరు చెప్పిందంతా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆయన మొత్తం విని, దూరంగా నిలబెట్టి ఉన్న మా బస్సు వైపు చూశాడు.

"నువ్వు అరుసుడు బంద్ చెయ్యలేవు. దాని అరుసుడన్న తగ్గియ్యాలె," అన్నాడు.

"ఇంజన్ అన్నంక చప్పుడు రాదా చాచా?"

"వస్తది. ఎంత రావాల్నో అంతే రావాలె. ఇప్పుడు దాని తప్పులన్నీ కల్సి అరుస్తున్నయ్."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ ముసలాయన మనసు బాగుండాలని ఏదో అంటున్నాడులే అనుకున్నాను.

ఆయన తన సెలవు రోజున మా బస్సెక్కాడు. పనిముట్లు ఏమీ తేలేదు, ఒక రబ్బరు పైపు ముక్క తప్ప. ఇంజన్ మూత పక్కన కూర్చుని పైపు ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసను మూత అంచుల వెంబడి తిప్పుతూ పోయాడు. గనుల్లో షిఫ్టు దిగి ఎక్కినవాళ్లు ఆయన్ని చూసి డాక్టరొచ్చాడని నవ్వుకున్నారు. ఆయన పట్టించుకోలేదు. మధ్యమధ్య నన్ను అడిగేవాడు. "గుట్ట ఎక్కేటప్పుడు ఎక్కువ అరుస్తవా? సాపుగ పోయేటప్పుడా? స్టాపుల నిలవడ్డప్పుడా?" మూడింట్లోనూ అరుస్తానంటే తల ఊపాడు. ఇంజన్ మీద బరువు పడితే అరిచేవి కొన్ని, వేగంతో అరిచేవి కొన్ని, ఊరికే నిలబడినా అరిచేవి కొన్ని ఉంటాయట. ముందు వాటిని వేరు చెయ్యాలి అన్నాడు.

"చప్పుడు ఇనవడ్డ కాడనే పుట్టది బిడ్డా. అద్దం గలగలమంటే అద్దాన్ని తిడ్తం. దాన్ని ఊపేది ఇంకేదో ఉంటది," అన్నది ఆయన నాకు మొదట నేర్పిన సంగతి.

ఆ తర్వాత బస్సు సర్వీసుకు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి చేసేవాడు. ఆయన పద్ధతి ఒకటే, ఒక్కోటీ తీసేసి చూడటం. బెల్టు ఊడదీసి కొద్దిసేపు ఇంజన్ నడిపించాడు. ఫ్యాను ఆగేసరికి ఒక పెద్ద హోరు తగ్గింది. చూస్తే ఫ్యాను రెక్క ఒకటి వంగి ఉంది. మార్చారు. ఇంజన్ నుంచి పొగ గొట్టం బయల్దేరే చోట నల్లటి మసి మరక చూపించి, పొగ ఇక్కడే లీకవుతోందన్నాడు. ఆ అతుకు మధ్య ఉండే గ్యాస్కెట్ మార్చారు. మర్నాడు నేను ఎంతో ఆశతో బస్సెక్కాను. ఏమీ తేడా తెలియలేదు. సాయంత్రం దిగి ఆయనతో కొంచెం కోపంగానే అన్నాను.

"ఏం తగ్గలే చాచా. గట్లనే ఉంది."

"తగ్గింది. నీకు తెల్వలే. రెండు చప్పుళ్లు బరాబర్ ఉంటె ఒకటి బంద్ చేసినా మనిషికి సరిగ్గ తెల్వది. రెండోది గూడ పోవాలె, అప్పుడు తెలుస్తది."

అమ్మ పోయినప్పుడు చర్చి వాళ్లు, డిపో వాళ్లు ఇంటికి వచ్చి చూసిపోయారు. నాతో వేళకు మాట్లాడేవాళ్లు ఒకరిద్దరుండేవాళ్లు, ఆ తర్వాత వాళ్లలో చాచా కూడా ఒకడయ్యాడు. అందుకే అమ్మ లేని ఇల్లు ఎంత ఖాళీయో అప్పుడు నాకు పూర్తిగా తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది. ఈ మాట రాస్తుంటే కూడా ఇంట్లో గోడ గడియారం తప్ప ఏమీ వినపడటం లేదు.

ఆ రెండో చప్పుడు ఏమిటో కనిపెట్టడానికి చాచాకు చాలాకాలం పట్టింది. గేరు కర్ర నేలలోంచి పైకి వచ్చే చోట రబ్బరు తొడుగు చిరిగి ఉంది. అరచేయి పట్టేంత సందు. దాంట్లోంచి కింది రోడ్డు కనపడేది, మేమంతా ఏళ్లుగా చూస్తున్నదే. ఇంజన్ చప్పుడులో ఎక్కువ భాగం అక్కణ్నుంచే పైకి వస్తోందని చాచా అన్నాడు. "తలుపు మొత్తం మూసి కొంచెం తెర్సి వెడితే ఇంట్లకు వాన రాదా?" అని అడిగాడు. కొత్త తొడుగు వేశారు, ఇంజన్ మూత చుట్టూ రబ్బరు అంచు కట్టారు. మూత లోపల గోనెపట్టాలు పరుద్దామని డ్రైవరన్న అంటే చాచా ఒప్పుకోలేదు, నూనె పట్టిన గుడ్డ ఎప్పటికైనా అంటుకుంటుందన్నాడు. వేడికి తట్టుకునే మందపాటి చాపే కావాలని పట్టుబట్టి స్టోరు చుట్టూ తిరిగాడు. ఇంజన్ కింద గట్టిపడిపోయిన రబ్బరు దిమ్మలు కూడా మార్పించాడు. మార్చిన రోజున అద్దాలు గలగలమనడం ఆగిపోయింది. ఎప్పుడూ ఎక్కే ఒకావిడ, "ఏంది కండక్టరమ్మా, బస్సుకు పాణం బాగలేదా?" అని అడిగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఇదంతా తగ్గాక బస్సులో ఒక కొత్త శబ్దం బయటపడింది. సన్నగా, ఆగకుండా, టిక్ టిక్ టిక్ అని. చాచా ట్యాపెట్లు అన్నాడు. ఇంజన్ తల మీద కవాటాలను తెరిచి మూసే ముక్కలు అవి. వాటి మధ్య సందు ఎక్కువైతే కొట్టుకుంటాయి. కవరు విప్పి సన్నటి రేకు పెట్టి సందులన్నీ సరిచేశాడు. శబ్దం పోలేదు. మళ్లీ విప్పాడు, మళ్లీ సరిచేశాడు, అయినా పోలేదు. చాచా అన్నం సరిగా తినలేదని డ్రైవరన్న నాతో అన్నాడు. ఆఖరికి రబ్బరు పైపుతో వెతుక్కుంటూ పోతే, గాలి గొట్టం వెనకాల, ఎర్రదారానికి కట్టిన చిన్న ఇత్తడి గంట దొరికింది. నూనె, పసుపు కుంకుమ కలిసి నల్లగా అయిపోయింది. దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు డ్రైవరన్న కట్టి మర్చిపోయినది. ఇంజన్ హోరులో ఇన్నాళ్లూ ఎవరికీ వినపడలేదు.

"గిది నీదేనా?" అని చాచా అడిగాడు. డ్రైవరన్న తల వంచుకున్నాడు.

"విప్పు మరి."

"నేను విప్పను చాచా. పూజ చేసి కట్టిన. విప్పినంక బండికి ఏమన్న అయితే?"

చాచా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మీ పూజది నేను ముట్టుకోవద్దు," అన్నాడు. ఇద్దరూ నా వైపు చూశారు. నా మతానికి గంటలతో పేచీ ఏమీ లేదు కానీ, ఏదన్నా అయితే జీవితాంతం నన్నే అంటారు కదా అని నేనూ ఒప్పుకోలేదు. ముగ్గురం ఆ గంట చుట్టూ పంచాయతీ పెట్టినట్టు నిలబడ్డాం. కాసేపు చూసి చాచా ఒక రబ్బరు ముక్క కోసి డ్రైవరన్నకిచ్చాడు. గంట నాలుకకు చుట్టమన్నాడు. చుట్టాడు. గంట ఎక్కడిదక్కడే ఉంది, చప్పుడు పోయింది. రెండుసార్లు విప్పిన ట్యాపెట్ల సంగతి తలుచుకుని చాచా మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి టైరు మీద కూర్చుండిపోయాడు. ఆయన అంతగా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

అన్నీ అయ్యాక ఆయన పరీక్ష పెట్టాడు. చివరి సీటులో కూర్చున్నాడు. నన్ను ముందు తలుపు దగ్గర నిలబడి, ఇంట్లో మాట్లాడినట్టే స్టాపు పేరు చెప్పమన్నాడు. నాకు అలవాటు లేక గొంతు పైకి లేచిపోయింది. అక్కణ్నుంచే వేలు అడ్డంగా ఊపాడు. తగ్గించి చెప్పాను. బండి అప్పుడు పాల్వంచ దాటి అడవిలోకి వచ్చింది. ఆయన చెయ్యి ఎత్తాడు. నా మాట చివరి సీటు దాకా వెళ్లింది. అంత నిండు బస్సులో నాకు కళ్ల నీళ్లొచ్చాయి. డ్రైవరన్న అద్దంలో చూసి ముఖం తిప్పుకున్నాడు.

గొంతు మెల్లమెల్లగా తిరిగి వచ్చింది. కాయలు కరిగాయని డాక్టరు చెప్పినప్పుడు, ఇక మీదట కూడా కేకలు మాత్రం వద్దు, మళ్లీ లేస్తే నా చేతుల్లో ఉండదు అన్నాడు. పైస్థాయి రాలేదు. ఇప్పుడు చర్చిలో రెండో వరసలో నిలబడి కిందిస్థాయిలో పాడతాను. అది చాలు. ఆ చాలు అనడం వెనక ఆ మనిషివి ఎన్ని సెలవులు పోయాయో నాకు తెలుసు.

చాచా రిటైరయ్యాడు. తర్వాత ఆ బస్సును కూడా తుక్కు కింద పంపేశారు. నాకు కొత్త బస్సులు వచ్చాయి, వాటిలో అరవాల్సిన పని లేదు. అయినా నేను డ్యూటీ మీద ఇల్లందు వచ్చే సాయంత్రాలు ఆయన అక్కడి బస్టాండుకు వచ్చేవాడు. ఇంజన్ పక్కన ఒక నిమిషం నిలబడి, "బెల్టు వదులైంది, గ్యారేజిల చెప్పు," అనో, "బాగనే ఉంది," అనో చెప్పి వెళ్లిపోయేవాడు. టీ తాగుదామంటే వద్దనేవాడు, జల్దీ ఇంటికి పోవాలనేవాడు. ఇంట్లో ఎవరున్నారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మా పరిచయమంతా డిపోలోనూ బస్టాండులోనే. రిటైరైన మనిషికి ఇంట్లో ఏం తొందరో నాకు అర్థమయ్యేది కాదు.

మూడో రోజు జరిపే జియారత్ ప్రార్థనలకు డ్యూటీ దిగి ఖాకీ బట్టల్లోనే వాళ్లింటికి వెళ్లాను. మగవాళ్లు బయట కుర్చీల్లో ఉన్నారు. చాచా కోడలు నన్ను లోపలి గదికి తీసుకెళ్లింది. చాచా భార్య, చాచీ, చాప మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చుట్టూ చుట్టాలు మాట్లాడుకుంటున్నారు, ఆమె ఎవరి వైపూ చూడటం లేదు. నేను పక్కన కూర్చుని, "చాచీ," అని పిలిచాను. తల తిప్పలేదు.

"ఇనవడది అక్కా," అంది కోడలు. "చిన్నప్పుడే జరమొచ్చి చెవులు పోయినయంట. మామ ఒక్కడే చెవికాడ నోరు పెట్టి చెప్పేటోడు. పొద్దుగూకంగనే మొదలువెట్టేటోడు, డిపోల అయిందంత చెప్పేటోడు. గల్లీ మొత్తానికి ఇనవడేది. మేం చెప్పవోతే గొంతులు నొస్తయ్, రెండు మాటలకే ఊకుంటం."

డిపోలో ఆయన గొంతు ఎందుకంత దాచుకున్నాడో, సాయంత్రమైతే ఎందుకంత తొందరపడేవాడో అప్పుడు తెలిసింది. అరిచి అరిచి పోయే గొంతు సంగతి ఆయనకు నేను చెప్పాల్సిన పనే లేదు. చాచీ వైపు చూస్తే నా ఇల్లు గుర్తొచ్చింది. నిండా మనుషులున్న గదిలో ఆమె నాకంటే ఒంటరిగా ఉంది.

చాచీ నా ఖాకీ చొక్కాను చూసింది. భుజం మీది సంచిని చూసింది.

"కండక్టర్ బిడ్డవా?"

అవునని తల ఊపాను.

"ఆయన సంగతి ఏమన్న జెప్పు. మూడు దినాలాయె, ఎవ్వలు ఏం జెప్తలేరు."

ఆమె చెవి దగ్గరికి వంగి అరిచాను. డాక్టరు మాట గుర్తుంది. పోతే పోనీ అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. "చాచా మా బస్సు బాగు చేసిండు చాచీ," అని అరిచాను. గదిలో అందరూ మాటలు ఆపారు. ఫ్యాను సంగతి అరిచాను, గంట సంగతి సగం అరిచాను. గొంతు జీరబోయి, తర్వాతి మాటకు గాలి మాత్రమే వచ్చింది.

చాచీ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు బిడ్డా. నీ గొంతు ఖరాబైతదని ఆయన ఎన్నిసార్లు జెప్పిండో నాకు. అరవకు."

ఆమె చెయ్యి నోటి మీద నుంచి కిందికి జరిపి, మాట అదురు తెలిసేలా నా గొంతు మీద ఆనించింది. నా పెదవుల వైపే చూస్తూ, "ఇప్పుడు జెప్పు, మెల్లగ," అంది. గంట దొరికిన దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాను, ఇంట్లో మాట్లాడినట్టే చెప్పాను. చాచీ అరచెయ్యి నా గొంతు మీదే ఉంది. ముగ్గురం గంట చుట్టూ నిలబడ్డ చోటికి వచ్చేసరికి ఆమె పెదవులు కదిలాయి, నవ్వింది.